ఎడం

మా యింట్లో పదిహేను రోజులుగా ఒక చర్చ నడుస్తున్నది. కారు కొనాలా వద్దా అన్నది తేలిపోయింది, కొనడానికే నిశ్చయం. చిన్నకారా పెద్దకారా అన్నదీ తేలిపోయింది. నరసరావుపేటలో మా సందు వెడల్పే దాన్ని తేల్చింది. రంగు సంగతి అత్తయ్య తేల్చారు. తెలుపు. రెంటచింతల ఎండ ఎలాంటిదో ఎరిగినవాళ్లెవరూ పల్నాటిలో నల్లకారు కొనరని ఆవిడ వాదం. ఇక తేలనిది ఒక్కటే.

కారు అమ్మే కుర్రవాడు కాగితం మీద రెండు అంకెలు వేసి చూపించాడు. కింది రకానికి ఒక ధర, పై రకానికి మరొక ధర. రెంటికీ మధ్య లక్షన్నర తేడా.

"ఈ లక్షన్నరకూ ఏం వస్తుంది నాయనా?" అన్నాను.

"అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్ వస్తుంది మేడమ్."

తెలుగు పాఠాలు చెప్పుకొని బతికే మనిషిని. ఆ మూడు మాటల్నీ తెలుగు చెయ్యబోయి, 'అనుకూల విహార నియంత్రణ' దాకా వచ్చి, నాకే నవ్వొచ్చి ఆగిపోయాను. కుర్రవాడు నా అవస్థ గమనించి, "అంటే ఏం లేదు మేడమ్, ముందు బండిని చూసి మన బండి నడుచుకుంటుంది" అన్నాడు.

ఎంత చక్కని తెలుగు! పెద్దల్ని చూసి పిల్లలు నడుచుకున్నట్టు, ముందు బండిని చూసి వెనకబండి నడుచుకుంటుందట. అది నెమ్మదిస్తే ఇదీ నెమ్మదిస్తుంది. అది పుంజుకుంటే ఇదీ, మనం ముందుగా చెప్పిన వేగం దాటకుండా, పుంజుకుంటుంది. మధ్యన మనం కోరినంత ఎడం ఉంచుతుంది. కుర్రవాడు అంతటితో ఆగక, "2025 సెప్టెంబరు 22 నుంచి చిన్నకార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది గదా మేడమ్, ఆ మిగిలింది దీని మీద పెట్టండి" అని సలహా కూడా చెప్పాడు. మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లకు ఈ దేశంలో ఎన్నడూ కొదవ లేదు.

ఇంటికి వచ్చాక నన్ను పట్టుకున్నది లక్షన్నర కాదు, 'ఎడం' అనే మాట. ఎడబాటులో ఉన్నది ఆ 'ఎడ'యే. ఎడతెగని వానలో ఉన్నదీ ఆ 'ఎడ'యే. మనిషికీ మనిషికీ నడుమ ఎడం పెరిగితే బాధ. బండికీ బండికీ నడుమ ఎడం తరిగితే ప్రమాదం. మనదేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. ఆ యేడు జరిగిన ప్రమాదాల్లో ఐదింట ఒక వంతుకు పైగా వెనకనుంచి వెళ్లి గుద్దుకున్నవే. ఎడం చాలక జరిగినవే అన్నమాట.

ఈ యంత్రం పుట్టుక వింటే పాఠకులకు ఆశ్చర్యం కలుగుతుంది. దీనికి మూలపురుషుడు చూపు లేని మనిషి. అమెరికాలో ఇండియానా రాష్ట్రానికి చెందిన రాల్ఫ్ టీటర్ అనే ఇంజనీరుకు ఐదేళ్ల వయసులో జరిగిన ప్రమాదంలో చూపు పోయింది. ఆయనకు ఒక వకీలు స్నేహితుడు. ఆ వకీలు కారు నడుపుతూ కబుర్లు చెబుతాడు. తాను మాట్లాడేటప్పుడు కారు నెమ్మదించేది, ఎదుటివాడి మాట వినేటప్పుడు వేగం పుంజుకొనేది. చూపున్నవాళ్లు కిటికీలోంచి బయటికి చూసి ఆ కుదుపు మరిచిపోతారు. చూపు లేనివాడికి ఆ కుదుపే లోకం. విసిగిపోయి, వేగాన్ని ఒకే తీరున నిలిపే సాధనం ఒకటి తయారుచేసి 1950లో పేటెంటు పుచ్చుకున్నాడు. 1958లో క్రైస్లర్ వారి ఇంపీరియల్ కార్లలో అది అమ్మకానికి వచ్చింది. ఈ కథ చదివినప్పుడు నాకు మా స్టాఫ్‌రూము గుర్తొచ్చింది. మాలోనూ చాలామందిమి మాట్లాడేటప్పుడు ఒక వేగం, వినవలసి వచ్చినప్పుడు మరో వేగం.

అయితే టీటరుగారి సాధనానికి తన వేగం తప్ప ముందున్న బండి సంగతి తెలియదు. ఆ తెలివి 1990ల్లో వచ్చింది. 1995లో జపాను దేశపు మిత్సుబిషి వారు లేజరు కిరణంతో ముందు బండి దూరం కొలిచే కారు తెచ్చారు. ఆ దశాబ్దం ముగిసేలోగా జర్మనీ బెంజి కార్లలో అదే పనికి రాడార్ వచ్చింది. అప్పట్లో అది కోటీశ్వరుల కారులోని వింత. మన దేశంలో 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ 700లో కనబడేసరికి లక్షల జీతగాళ్ల ముచ్చట అయింది. 2024 ఏప్రిల్‌లో అదే కంపెనీ ఎక్స్‌యూవీ త్రీఎక్స్‌ఓలోనూ, డిసెంబరులో హోండా వారి కొత్త అమేజ్‌లోనూ దిగింది. ఇవి నాలుగు మీటర్ల పొడవు లోపలి బండ్లు. ఆ విధంగా మా సందులో పట్టే కారు దాకా వచ్చింది. కానీ వచ్చింది పై రకాలకే. కింది రకం కొనేవాడి ప్రాణం కాస్త చవక కాబోలు.

ఈ మాట కోపంతో అన్నాను గాని, చరిత్ర అంత నిరాశ కలిగించదు. చక్రాలు బిగుసుకుపోకుండా బ్రేకు వేసే ఏబీఎస్ మొదట డబ్బున్నవాడి సోకు. 2019 ఏప్రిల్ నుంచి ప్రతి కారులోనూ ఉండితీరాలన్నారు. ముందు రెండు సీట్లకూ గాలిసంచులు 2022 నుంచి అలాగే అన్ని కొత్త కార్లలోనూ వచ్చేశాయి. నిన్నటి విలాసం నేటి నిబంధన అయింది. ఇదీ ఒకనాటికి అవుతుందేమో. ఈలోగా లక్షన్నర ఎవరి జేబులోంచి పోవాలన్నదే ప్రశ్న.

కళ్లతో చూడనిదే కొనకూడదని, సంక్రాంతికి వచ్చిన మా తమ్ముడు హైదరాబాదుకు తిరిగి వెళ్లేటప్పుడు నేనూ అతని కారెక్కాను. అతని బండిలో ఈ యంత్రం ఉన్నది. పిడుగురాళ్ల దాటి అద్దంకి-నార్కెట్‌పల్లి రోడ్డు మీద పడగానే తమ్ముడు స్టీరింగు మీద ఒక మీట నొక్కి, పాదం వెనక్కి తీసుకొని, "ఇప్పుడు చూడు అక్కా" అన్నాడు. ఎనభై కిలోమీటర్ల వేగం. ముందు సిమెంటు లారీ. లారీ నెమ్మదించగానే మా కారు అదే నెమ్మదించింది. లారీ కదిలితే కదిలింది. చెప్పిన మాట వినే శిష్యుణ్ణి ముప్పై యేళ్ల తర్వాత చూసిన పంతులమ్మలా నాకు ఆనందబాష్పాలు వచ్చినంత పనైంది.

ఎనభై కిలోమీటర్ల వేగమంటే సెకనుకు ఇరవై రెండు మీటర్లు. రెండు సెకన్ల ఎడం ఉంచాలంటే నలభై నాలుగు మీటర్లు ఖాళీ వదలాలి. మన రోడ్డు మీద నలభై నాలుగు మీటర్ల ఖాళీ అంటే అది ఖాళీ కాదు, ఆహ్వానపత్రిక. మొదట ఒక మోటారుసైకిలు దూరింది. కారు మర్యాదగా వెనక్కి తగ్గింది. తర్వాత మిరపకోతకు వెళ్లే ఆడకూలీలతో కిటకిటలాడే ఆటో ఒకటి దూరింది. కారు ఇంకా తగ్గింది. ఆటో వెనక అంచున కూర్చున్న అమ్మాయి కాళ్లు బయటికి వేలాడుతున్నాయి. మా కారు ముక్కుకూ ఆ కాళ్లకూ నడుమ ఉండవలసిన ఎడాన్ని ఆ క్షణాన కొలుస్తున్నది ఒక యంత్రం. అది కొలవడం మంచిదే అనిపించింది. మనుషులం కొలవడం మానేసి చాలా కాలమైంది.

దాచేపల్లి ఇంకా రాకముందు జరిగింది అసలు విషయం. ముందున్న లారీ ఉన్నట్టుండి కుడివైపుకు తప్పుకున్నది. లారీ తొలగగానే మా కారుకు దోవ ఖాళీ అయిందని తోచి, వేగం పుంజుకోసాగింది. లారీ ఎందుకు తప్పుకున్నదో అప్పుడు కనపడింది. మిరపటిక్కీలు వేసుకున్న ట్రాక్టరు ట్రాలీ ఒకటి సగం రోడ్డు మీద, సగం మట్టిలో ఆగి ఉన్నది. తమ్ముడి కాలు బ్రేకు మీద పడింది. అత్తయ్య ఇచ్చిన సున్నుండల డబ్బా వచ్చి నా కాళ్ల దగ్గర పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కృష్ణ వంతెన దాటి వాడపల్లిలో మూసీ వచ్చి కలిసేచోటు కనిపించేదాకా మేమిద్దరం మాట్లాడుకోలేదు. తర్వాత తమ్ముడే, "అది నిలిచిన బండిని చూడలేదక్కా" అన్నాడు, తన పిల్లవాడి తప్పు ఒప్పుకుంటున్నట్టుగా.

హైదరాబాదు చేరిన రాత్రి వాడి కారు పుస్తకం అడిగి పుచ్చుకున్నాను. కారుతోపాటు ఇచ్చే ఆ లావుపాటి పుస్తకాన్ని కొన్నవాళ్లెవరూ చదవరు. టీకలూ తాత్పర్యాలూ చదవడం అలవాటైనదాన్ని కనుక నేను చదివాను. కారు అమ్మే కుర్రవాడు చెప్పినదంతా మూలశ్లోకం. చెప్పనిదంతా అక్కడ చిన్న అక్షరాల్లో ఉన్నది. ఆగి ఉన్న వాహనాన్నీ, జంతువునూ, కాలినడకన పోయేవాణ్ణీ, ఎదురుగా వచ్చే బండినీ ఇది గుర్తించకపోవచ్చును. దుమ్ములోనూ, మంచులోనూ, ఎదురెండలోనూ దీని చూపు మందగించవచ్చును. బాధ్యత ఎల్లప్పుడూ నడిపేవారిదే.

ఆగిన బండిని ఎందుకు చూడదు? ఇది లోపం కంటే లెక్క అనడం న్యాయం. రాడార్ పంపే తరంగం నాలుగు మిల్లీమీటర్ల కంటే కొంచెం తక్కువ పొడవుది. నూరు మీటర్ల దూరంలోని వస్తువును తాకి తిరిగి రావడానికి దానికి సెకనులో పదిలక్షో వంతు కూడా పట్టదు. తిరిగి వచ్చిన తరంగపు కీచుదనాన్ని బట్టి ఎదుటి వస్తువు ఎంత వేగంతో దగ్గరవుతున్నదో తెలుస్తుంది. రైలు కూత దగ్గరవుతుంటే ఒకలాగా, దూరమవుతుంటే ఒకలాగా వినిపించదూ? 1842లో డాప్లర్ చెప్పిన సూత్రమే ఇది. కదిలే లారీకి తనదైన వేగం ఉన్నది కనుక అది వేరుగా తేలుతుంది. కదలనివన్నీ ఒక్కలాగే వినిపిస్తాయి. మైలురాయి, కల్వర్టు గోడ, ఊరి పేరు బోర్డు, ఆగిన ట్రాలీ: అన్నిటిదీ ఒకటే పాట. ప్రతి మైలురాయికీ బ్రేకు వేస్తే వెనకవాడు వచ్చి మనల్ని గుద్దుతాడు. అందుకని వేగంగా పోయేటప్పుడు కదలనివాటిని చాలావరకు లెక్కలోంచి తీసివేస్తారు. కెమెరా కూడా తోడుంటే ఈ చిక్కు కొంత తగ్గుతుంది. కొన్ని చిన్నకార్లలో కెమెరా ఒక్కటే ఉంటుంది. కానీ చీకట్లో, దీపం లేని, మట్టికొట్టుకుపోయిన ట్రాలీ వెనుకభాగం ఏ కంటికైనా ట్రాలీలా ఉండదు, చీకటిలాగే ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి విడదీసి చెప్పాలి. ఎడం ఉంచే యంత్రం వేరు, ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు తనంతట తాను బ్రేకు వేసే యంత్రం వేరు. మొదటిది సుఖానికి, రెండోది ప్రాణానికి. రెంటికీ కన్ను ఒకటే కనుక ఒకే మూటగా కట్టి అమ్ముతారు. హెచ్చరించి తనంతట తాను బ్రేకు వేసే కార్లలో వెనకనుంచి గుద్దే ప్రమాదాలు సుమారు సగం తగ్గాయని అమెరికాలో బీమా సంస్థల వారి పరిశోధనలో తేలింది. సగం అంటే సామాన్యం కాదు. అయితే అది అమెరికా రోడ్డు. అక్కడ వరిగడ్డి ట్రాక్టరు రాత్రిపూట దీపం లేకుండా పోదు, రోడ్డు మీద మిరపకాయలు ఆరబెట్టరు, గేదె నడిరోడ్డున నిలబడి నెమరువేయదు.

నరసరావుపేట తిరిగి వచ్చాక నాకు కొత్త చిక్కు వచ్చిపడింది. ఆ మాట చెప్పడానికే ఈ వారం కలం పట్టాను.

మా మరిది మూడేళ్ల కిందట హైదరాబాదు నుంచి ఒక్కడే రాత్రివేళ కారు నడుపుకుంటూ వస్తూ ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దాడు. ప్రాణం దక్కింది. ఎడమకాలు మాత్రం మునుపటి కాలు కాలేదు. కోటప్పకొండ తిరునాళ్లకు ఊళ్లోంచి ప్రభ బయలుదేరితే భుజం పట్టకుండా ఉండని మనిషి, ఇప్పుడు అరుగు మీద కూర్చొని ప్రభ పోవడం చూస్తాడు. మా కారు చర్చలో లక్షన్నర పెట్టితీరాలని పట్టుబట్టినవాడు అతనే. "వదినా, ఆ రాత్రి నా బండికి ఆ కన్ను ఉంటేనా!" అని రోజూ అనేవాడు. అవసరమైతే తేడా డబ్బు తానిస్తానన్నాడు. ఆ మాట వెనక మూడేళ్ల బాధ ఉన్నదని ఇంట్లో అందరికీ తెలుసు. నేను పుస్తకం చదవకపోతే బాగుండేది. చదివాను కనుక, ఆ రాత్రి ఆ చీకట్లో ఆ వేగంలో ఆ కన్ను లారీని చూసేదో లేదో చెప్పలేమని నాకు తెలిసిపోయింది. చెబితే అతని ఓదార్పు పోతుంది. చెప్పకపోతే, రేపు మాలో ఎవరమైనా ఆ కన్నును నమ్మి రాత్రివేళ పాదం తీసేస్తాం.

చెప్పాను. మావారు వద్దని సైగ చేస్తున్నా చెప్పాను.

మరిది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "లారీకి దీపం లేదని అందరికీ చెప్పాను వదినా. అది నిజమే. నేను కునికానని మాత్రం ఎవరికీ చెప్పలేదు. అదీ నిజమే."

అత్తయ్య లోపలికి వెళ్లిపోయారు. మావారు కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారు. ఎనభై కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు కన్ను మూత పడితే నలభై నాలుగు మీటర్లు. అంత దూరం అతను ఆ రాత్రి నిద్రలో ప్రయాణం చేశాడు. ఆ తర్వాత మూడేళ్లు మెలకువలో మోశాడు. ఈ సంగతి రాయనా అని అడిగితే, "రాయండి వదినా, కునికేవాళ్లు చదువుతారు" అన్నాడు.

అప్పటినుంచి మా చర్చ తీరు మారింది. యంత్రం పనికిరాదని ఎవరూ అనడం లేదు. కునికినవాడికి ఒక్క కూత వినిపించినా, చివరి క్షణాన వేగం సగానికి తగ్గినా, కాలు దక్కవచ్చును. కానీ పాదానికి పని లేకపోతే కంటికి నిద్ర తొందరగా వస్తుందన్నదీ అంతే నిజం. ఆదమరచినవాణ్ణి కాపాడే యంత్రమే ఆదమరుపును కూడా నేర్పుతుంది. ఇంట్లో వంటమనిషి కుదిరాక అన్నం అడుగంటితే వాసన పసిగట్టడం మనం మరిచిపోయినట్టు.

చివరికి పై రకమే కొన్నాం. మరిది డబ్బు పుచ్చుకోలేదు. అతని మాట పుచ్చుకున్నాం. కారుతోపాటు ఇంట్లో రెండు నిబంధనలు వచ్చాయి. రాత్రి పది దాటితే కారు నడవదు. ఎక్కడున్నవాళ్లు అక్కడే పడుకొని పొద్దున్నే రావాలి. రెండోది, ఎడం యంత్రం లేకుండా ఎడం పాటించడం ముందు నేర్చుకోవాలి.

ఆ విద్య మరిదే నాకు నేర్పాడు. ఖర్చు లేనిది, కారు లేనివారికీ, మోటారుసైకిలు వారికీ పనికొచ్చేది, కనుక పాఠకులకూ చెబుతున్నాను. ముందు బండి ఒక చెట్టునో, స్తంభాన్నో దాటుతుంది గదా. దాటగానే, "కోటప్పకొండ కోటేశ్వరా, కాపాడు తండ్రీ" అని మామూలుగా, తొందరపడకుండా అనుకోవాలి. అనడానికి రెండు సెకన్లు పడుతుంది. మాట పూర్తి కాకుండానే మీరు ఆ చెట్టు దగ్గరికి వచ్చేశారంటే దగ్గరగా పోతున్నారన్నమాట. వానలోనూ, రాత్రిపూటా రెండుసార్లు అనుకోవాలి. నాస్తికులు తమకు నచ్చిన మాట ఏదైనా అనుకోవచ్చు, రెండు సెకన్లు పడితే చాలు.

ఇక లారీలూ ట్రాలీలూ ఉన్నవారికి ఒక్క విన్నపం. వెనుకభాగాన వెలుగు పడితే మెరిసే టేపు అంటించాలని లారీలకు నిబంధన ఉన్నది. ట్రాలీకి కూడా ఆ పని చేస్తే ఎవరూ వద్దనరు. వేసంగిలో మిరపటిక్కీలు గుంటూరు యార్డుకు చేరే రోజుల్లో ఆ టేపు మీద పట్టిన దుమ్ము ఒక్కసారి గుడ్డతో తుడవండి. లక్షన్నర పోసి మేం కొన్న కంటికి అయినా, ఏమీ కొనలేని మోటారుసైకిలు కుర్రవాడి కంటికి అయినా, మీ బండి కనపడేది ఆ తుడుపుతోనే.

నిన్న సాయంత్రం మరిది ముందుసీటులో కూర్చోగా పిడుగురాళ్ల దాకా నేనే నడిపాను. ముందు సున్నపు లారీ. యంత్రం వెయ్యలేదు. లారీ ఒక వేపచెట్టు దాటింది. పక్కనుంచి మరిది పెదవులు కదలడం కనిపించింది. నేనూ లోపల అనుకుంటూనే ఉన్నాను. ఇద్దరి మాటా ఒకేసారి పూర్తయింది. వేపచెట్టు ఇంకా మాకు కొంచెం ముందే ఉన్నది.